చదివిన డిగ్రీ వేరు, చేస్తున్న పని వేరు: నైపుణ్య వలసకు దరఖాస్తు

1. ఉపోద్ఘాతం

దూరవిద్యలో డిగ్రీ చేసేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక పనిలో ఉంటారు. పని ముందు వచ్చింది, డిగ్రీ తరవాత వచ్చింది. రెండిటికీ పొంతన ఉండాలని ఎవరూ నియమం పెట్టలేదు. అశ్వారావుపేట మండలాన్నే తీసుకోండి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో పామాయిల్ తోటలు, గెలలు ఆడించే ఫ్యాక్టరీ, నర్సరీలు, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. ఇలాంటి చోట ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకునే వ్యక్తి దగ్గర బి.కాం. పట్టా ఉండవచ్చు. నర్సరీలో మొక్కల లెక్క, కూలీల హాజరు చూసే ఆమె బి.ఎ. చదివి ఉండవచ్చు. వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. పూర్తి చేసిన యువకుడు హైదరాబాదు వెళ్లి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుండవచ్చు. ఇక్కడ ఉన్నంతకాలం ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. విదేశానికి నైపుణ్య ఉద్యోగిగా వెళ్లాలనుకున్న రోజున మాత్రం మొదటి సందేహం ఇదే అవుతుంది: "నా డిగ్రీకీ, నా పనికీ సంబంధం లేదు కదా, నేను దరఖాస్తు చేయవచ్చా?"

ఈ ప్రశ్నకు అన్ని దేశాలకూ కలిపి ఒకే జవాబు లేదు. కొన్ని దేశాలు మీ చదువు ఏ స్థాయిదో మాత్రమే అడుగుతాయి. మరికొన్ని ఆ చదువు మీ పనికి సంబంధించినదా అని అడుగుతాయి. ఇంకొన్ని మీ చదువును పక్కన పెట్టి, మీకు ఇవ్వజూపిన ఉద్యోగం ఏ స్థాయిదో చూస్తాయి. మీరు వెళ్లదలచిన దేశం వీటిలో ఏ ప్రశ్న అడుగుతున్నదో తెలుసుకోకుండా ఫీజులు కట్టేవారే ఎక్కువగా నష్టపోతున్నారు. ఈ పాఠం చదివాక మీ విషయంలో ఏ ప్రశ్న వర్తిస్తుందో గుర్తించగలగాలి, మీ పని అనుభవాన్ని కాగితం మీద ఎలా నిరూపించాలో తెలుసుకోగలగాలి. వలస నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ముందు ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలో అంకెలను మరొకసారి సరిచూసుకోండి.

2. కెనడా: డిగ్రీకి ఒక లెక్క, పనికి ఒక లెక్క

మన విద్యార్థులకు బాగా ఉపయోగపడే ఉదాహరణ కెనడా. అందుకే దీన్ని కొంత వివరంగా చూద్దాం.

కెనడా 1967లో పాయింట్ల పద్ధతి ప్రవేశపెట్టింది. మొదట్లో ఏ వృత్తికి గిరాకీ ఉందన్నదానికి ఆ లెక్కలో చాలా ప్రాధాన్యం ఉండేది. 2002లో అమల్లోకి వచ్చిన కొత్త వలస చట్టంతో ఆలోచన మారింది. ఈ రోజు గిరాకీ ఉన్న వృత్తికి రేపు ఉండకపోవచ్చు. బాగా చదువుకుని, భాష తెలిసి, కొంత అనుభవం ఉన్న మనిషి ఏ పనికైనా అలవాటుపడగలడు. ఈ భావనతో చదువు, భాష, అనుభవం, వయసు అనేవాటిని విడివిడిగా లెక్కించడం మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు వృత్తుల జాబితాలు మళ్లీ వచ్చాయి. 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఆన్‌లైన్ పద్ధతి మొదలైంది. అయినా విడివిడిగా లెక్కించడం మాత్రం అలాగే ఉంది.

దీని అర్థం ఏమిటి? ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకంలో మీ డిగ్రీకి పాయింట్లు దాని స్థాయిని బట్టి వస్తాయి. మీ పనికి పాయింట్లు అది ఎన్నేళ్ల నైపుణ్య అనుభవం అన్నదాన్ని బట్టి వస్తాయి. బి.కాం. చదివిన మీరు ఫ్యాక్టరీలో ఎందుకు పనిచేశారని ఆ పట్టికలో ఎక్కడా అడగరు. పైగా ఆ అనుభవం డిగ్రీ పూర్తయ్యాక సంపాదించినదే కావాలన్న షరతు కూడా లేదు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదివినవారికి ఇది చాలా పెద్ద వెసులుబాటు. గత పదేళ్లలో కనీసం ఒక ఏడాది, అంటే 1,560 గంటలు, ఎడతెగకుండా జీతం తీసుకుంటూ చేసిన నైపుణ్య పని ఉండాలి. కనీస అర్హతకు నూటికి 67 పాయింట్లు రావాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క వేద్దాం. వయసు 30. మూడేళ్ల బి.కాం. గెలల ఫ్యాక్టరీలో ఏడేళ్ల అనుభవం, అందులో ఆరేళ్లకు పైగా షిఫ్టు సూపర్‌వైజరుగా. పెళ్లి కాలేదు. కెనడాలో బంధువులు లేరు. వయసుకు 12 పాయింట్లు వస్తాయి. మూడేళ్లు లేదా అంతకు మించిన బ్యాచిలర్ డిగ్రీగా గుర్తింపు వస్తే చదువుకు 21. ఆరేళ్లు దాటిన నైపుణ్య అనుభవానికి 15. ఇక ఇంగ్లీషు. ఐఈఎల్‌టీఎస్ జనరల్ పరీక్షలో చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింటిలోనూ 6.0 వస్తే అది కెనడా కొలమానంలో 7వ స్థాయి, కనీస అర్హత. దానికి విభాగానికి 4 చొప్పున 16 పాయింట్లు. మొత్తం 64. మూడు పాయింట్లు తక్కువయ్యాయి. అదే మనిషి ఇంగ్లీషులో 8వ స్థాయికి చేరితే విభాగానికి 5 చొప్పున 20 వస్తాయి, మొత్తం 68 అవుతుంది. అర్హత దక్కుతుంది.

డిగ్రీకీ పనికీ పొంతన లేదని బాధపడుతున్న ఈ అభ్యర్థిని ఆపింది డిగ్రీ కాదు, ఇంగ్లీషు అని మీరు గమనించే ఉంటారు. తెలుగు మాధ్యమంలో చదివిన మన విద్యార్థులకు ఈ మాట కాస్త కటువుగా అనిపించవచ్చు. కానీ మరో డిగ్రీ కోసం రెండేళ్లు, డబ్బు ఖర్చు చేసే ముందు అదే కాలాన్ని ఇంగ్లీషు మీద పెడితే ఏం కలిసివస్తుందో లెక్క వేసి చూసుకోవడం మంచిది.

67 పాయింట్లు వచ్చినంత మాత్రాన వీసా రాదు. అవి వస్తే మీ పేరు అభ్యర్థుల జాబితాలో చేరుతుంది. అక్కడ 1,200 పాయింట్ల మరో కొలత ఉంటుంది. అందులో పైన ఉన్నవారికే ఆహ్వానాలు వస్తాయి. 2023 నుంచి కొన్ని వృత్తులవారిని, ఫ్రెంచి వచ్చినవారిని ప్రత్యేకంగా పిలవడం కూడా మొదలైంది. ఆ వృత్తుల జాబితా మారుతూ ఉంటుంది.

3. వృత్తి కోడ్ ఎంచుకునేటప్పుడు జరిగే పొరపాటు

కెనడాలో ప్రతి వృత్తికీ అయిదు అంకెల కోడ్ ఉంటుంది. దాన్ని జాతీయ వృత్తుల వర్గీకరణ అంటారు. ఇప్పుడు వాడుతున్నది 2021 నాటి వర్గీకరణ. వలస దరఖాస్తులకు దాన్ని 2022 నవంబరు 16 నుంచి వర్తింపజేస్తున్నారు. కోడ్‌లో రెండో అంకె చాలా ముఖ్యం. ఆ పనికి కావలసిన శిక్షణ, విద్య, అనుభవం, బాధ్యతల స్థాయిని అది తెలుపుతుంది. 0, 1, 2, 3 ఉంటే ఈ పథకానికి నైపుణ్య పనిగా పరిగణిస్తారు. 4, 5 ఉంటే పరిగణించరు.

బి.కాం. అభ్యర్థి ఇక్కడే తడబడతాడు. "నాది కామర్స్ కదా" అని అకౌంటింగ్ టెక్నీషియన్ కోడ్ అయిన 12200 ఎంచుకుంటాడు. కొందరు ఏజెంట్లు కూడా డిగ్రీకి సరిపోతుందని అదే సలహా ఇస్తారు. అది తప్పు. కోడ్ మీ చదువును బట్టి కాదు, మీరు రోజూ చేసిన పనిని బట్టి ఎంచుకోవాలి. ఫ్యాక్టరీలో ఎన్నడూ జమాఖర్చులు రాయని మనిషి అకౌంటింగ్ కోడ్ వేస్తే, అనుభవ ధ్రువపత్రం చదివిన అధికారికి వెంటనే తేడా తెలుస్తుంది.

మరి సరైన కోడ్ ఏది? ఇదే ఫ్యాక్టరీలో రెండు రకాల పనులను పోల్చి చూడండి. స్టెరిలైజర్‌లో గెలలను ఆవిరితో ఉడికించడం, థ్రెషర్, ప్రెస్ యంత్రాలను నడపడం, మీటర్లు చూసి పీడనం సరిచేయడం మాత్రమే చేసేవారు యంత్ర ఆపరేటర్లు. ఆహార, పానీయాల ఉత్పత్తి యంత్రాలు నడిపేవారి కోడ్ 94140. రెండో అంకె 4. అంటే ఈ పథకానికి పనికిరాదు. అదే షిఫ్టులో పనిచేసేవారికి పనులు పంచడం, రోజు వచ్చిన గెలల లోడును బట్టి యంత్రాలు ఎప్పుడు నడపాలో నిర్ణయించడం, కొత్తవారికి నేర్పడం, ఉత్పత్తి నివేదిక రాయడం, యంత్రం ఆగితే మెకానిక్‌ను పిలిపించి పని నడిపించడం చేసేవారు సూపర్‌వైజర్లు. వారి కోడ్ 92012. రెండో అంకె 2. ఒకే కప్పు కింద, ఒకే యూనిఫాంలో ఉన్న ఇద్దరిలో ఒకరికి అర్హత ఉంది, మరొకరికి లేదు. ఇద్దరిలో ఎవరి డిగ్రీ ఏమిటన్నది ఈ తేడాకు కారణం కాదు.

ఆ కోడ్ పుటలో ఒక ప్రధాన వాక్యం, దాని కింద ముఖ్య విధుల జాబితా ఉంటాయి. ప్రధాన వాక్యంలో చెప్పిన పని మీరు చేసి ఉండాలి. ముఖ్య విధుల్లో చాలా భాగం, తప్పనిసరి విధులన్నీ, మీరు చేసి ఉండాలి. అన్నీ ఒక్కటీ వదలకుండా సరిపోవాలని లేదు. ఉద్యోగం పేరు మాత్రం పెద్దగా ఉపయోగపడదు. మన దగ్గర ఆఫీసు ఫైళ్లు మోసే వ్యక్తికి "ఎగ్జిక్యూటివ్" అనీ, పది మందిని నడిపించే వ్యక్తికి "హెల్పర్" అనీ హోదా రాయడం మీరు చూసే ఉంటారు.

4. అనుభవ ధ్రువపత్రం: అసలు బరువు దీని మీదే

డిగ్రీ, పని వేరైనప్పుడు మీ నైపుణ్యాన్ని డిగ్రీ చెప్పదు. ఆ మాట చెప్పాల్సింది యజమాని ఇచ్చే ఉత్తరం. మన పల్లె, చిన్న పట్టణాల్లో ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్లు ఎలా ఉంటాయో తెలిసిందే: "ఫలానా వ్యక్తి మా సంస్థలో ఫలానా తేదీ నుంచి పనిచేశారు, వారి నడవడి సంతృప్తికరం." బ్యాంకు అప్పుకు ఇది చాలవచ్చు. వలస దరఖాస్తుకు మాత్రం చాలదు.

కెనడాకు పంపే ఉత్తరం సంస్థ లెటర్‌హెడ్ మీద ఉండాలి. అందులో మీ పేరు, సంస్థ చిరునామా, ఫోను, ఈమెయిలు, సంతకం చేసిన అధికారి పేరు, హోదా ఉండాలి. మీరు చేసిన ప్రతి హోదా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, ఇతర సదుపాయాలు రాయాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా మీ విధులు రాయాలి. ఆరేళ్లు ఆపరేటరుగా చేసి తరవాత సూపర్‌వైజరైతే రెండు దశలనూ విడిగా చూపాలి. అంతా కలిపి "సూపర్‌వైజర్" అని రాయించుకుంటే కాలం తప్పుగా లెక్కకు వస్తుంది.

విధులు ఎవరు రాయాలి? సాధారణంగా మేనేజరుకు అంత తీరిక ఉండదు. మీరే ఒక ముసాయిదా రాసి ఇవ్వండి, అందులో తప్పులేదు. అయితే కోడ్ పుటలోని వాక్యాలను యథాతథంగా దించకండి. వందల ఉత్తరాల్లో అవే వాక్యాలు చూసిన అధికారికి అనుమానం వస్తుంది. మీ ఫ్యాక్టరీలో జరిగిన పనినే మీ మాటల్లో రాయండి. "గెలల లోడు తూకం దగ్గర నాణ్యత చూసి వేరుచేయించడం", "షిఫ్టులో పన్నెండు మందికి పని కేటాయించడం", "ముడి నూనెలో ఆమ్ల శాతం పరీక్ష ఫలితం చూసి ప్రెస్ దగ్గర మార్పులు చేయించడం", "షిఫ్టు లాగ్ పుస్తకం రాయడం". ఇలాంటి వివరాలు ఆ పని స్వయంగా చేసినవారే రాయగలరు. అంకెలు మాత్రం మీ ఫ్యాక్టరీలో నిజంగా ఉన్నవే వేయాలి.

ఉత్తరానికి తోడుగా నియామక పత్రం, జీతం చీటీలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16 జతచేయవచ్చు. ఒక చిక్కు ఇక్కడ తరచూ ఎదురవుతుంది. చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. పీఎఫ్ కాంట్రాక్టరు పేరుతో జమవుతుంది, పని మాత్రం ఫ్యాక్టరీలో చేస్తారు. ఉత్తరంలో ఒక సంస్థ పేరు, పీఎఫ్‌లో మరొక సంస్థ పేరు కనిపిస్తే అధికారి ప్రశ్నిస్తాడు. జీతం ఇచ్చిన కాంట్రాక్టరు నుంచి ఒక ఉత్తరం, పని జరిగిన చోటు నుంచి మరొకటి తీసుకుని, రెండిటి సంబంధాన్ని వివరిస్తూ మీరే ఒక పుట రాసి జతచేయండి.

పేరు విషయంలోనూ జాగ్రత్త పడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీ పట్టాలో పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉండడం మన తెలుగువారికి మామూలే. చదువును మూల్యాంకనం చేసే సంస్థకు పంపక ముందే దీన్ని సరిచేసుకోండి. ఆ సంస్థ సాధారణంగా మార్కుల వివరాలను విశ్వవిద్యాలయం నుంచే నేరుగా కోరుతుంది. ఆ నివేదిక అయిదేళ్లు, ఐఈఎల్‌టీఎస్ ఫలితం రెండేళ్లు చెల్లుతాయి. కాబట్టి చదువు మూల్యాంకనం ముందు, పరీక్ష తరవాత పెట్టుకోవడం లాభం.

5. అమెరికా, ఆస్ట్రేలియా: ఇక్కడ సంబంధం అడుగుతారు

కెనడా గురించి చదివి ధైర్యం తెచ్చుకున్నవారు అదే ధైర్యంతో అమెరికా వైపు చూడకూడదు. అమెరికా హెచ్-1బి తాత్కాలిక ఉద్యోగ వీసా 1990 నాటి చట్టంతో వచ్చింది. ఆ ఉద్యోగానికి నిర్దిష్ట రంగంలో కనీసం బ్యాచిలర్ డిగ్రీ గానీ, దానికి సమానమైన అర్హత గానీ అవసరమై ఉండాలన్నది దాని మూల షరతు. మీ డిగ్రీకీ ఉద్యోగ విధులకూ నేరుగా సంబంధం ఉండాలి. 2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన నియమం ఈ సంబంధాన్ని వివరించింది. డిగ్రీకీ విధులకూ మధ్య తర్కానికి నిలిచే లింకు ఉంటే చాలు, రెండూ అచ్చంగా ఒకే పేరుతో ఉండనక్కర్లేదు. అయితే ఏ ప్రత్యేకతా లేని సాధారణ డిగ్రీతో సరిపోయే ఉద్యోగాన్ని ఈ వీసాకు అంగీకరించరు.

ఇది తెలుగువారికి కొత్త సమస్య కాదు. 1990ల చివర నుంచి హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సులు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవారిలో సివిల్, మెకానికల్ ఇంజినీర్లు, వ్యవసాయ పట్టభద్రులు, ఎం.ఎస్సీ. చదివినవారు ఎందరో ఉన్నారు. శియాంగ్ బియావో అనే చైనా మానవ శాస్త్రవేత్త హైదరాబాదు, సిడ్నీల్లో ఈ తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య పరిశోధన చేసి 2007లో ఒక పుస్తకమే ప్రచురించాడు. వీళ్లలో చాలామంది సమర్థులు. కానీ కాగితం మీద వాళ్ల డిగ్రీ వేరే కథ చెప్పేది. ఇలాంటివారికి అమెరికా నిబంధనల్లో ఒక దారి ఉంది. తక్కువపడిన ప్రతి ఒక్క ఏడాది కళాశాల చదువుకు మూడేళ్ల ప్రత్యేక అనుభవాన్ని సమానంగా చూపవచ్చు. ఆ అనుభవం ఆ రంగంలోదే అయి, క్రమంగా బాధ్యతలు పెరిగినట్టు కనిపించాలి. మూడేళ్ల బి.ఎస్సీ. ఉన్న వ్యక్తి మూడేళ్ల తగిన అనుభవంతో నాలుగేళ్ల డిగ్రీకి సమానమని వాదించవచ్చు.

కానీ ఈ దారి గ్రీన్‌కార్డు దగ్గర మూసుకుపోవచ్చు. అక్కడ రెండో ప్రాధాన్య శ్రేణికి బ్యాచిలర్ డిగ్రీ ఒక్కటే, పూర్తిగా, అమెరికా డిగ్రీకి సమానంగా ఉండాలి. అనుభవాన్ని కలిపి డిగ్రీ చేయడం కుదరదు. భారతదేశపు మూడేళ్ల డిగ్రీ అమెరికా నాలుగేళ్ల డిగ్రీకి సమానం కాదని 1977లోనే "షా" కేసుగా పేరొందిన నిర్ణయంలో వలస అధికారులు చెప్పారు. వీసాకు పనికొచ్చిన లెక్క గ్రీన్‌కార్డుకు పనికిరాలేదని కొందరికి ఎన్నో ఏళ్ల తరవాత గాని తెలియదు. అందుకే అమెరికా ఉద్యోగానికి ఒప్పుకునే ముందు రెండో దశ గురించి కూడా యజమానిని అడగండి. 2025 సెప్టెంబరు 21 నుంచి దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధించిన సంగతినీ మరచిపోవద్దు.

ఆస్ట్రేలియాలో వీసా దరఖాస్తుకు ముందే మరో గడప దాటాలి. ప్రతి వృత్తికీ నైపుణ్యాన్ని అంచనా వేసే ఒక సంస్థ ఉంటుంది. ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, సాఫ్ట్‌వేర్ వృత్తులకు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, మరెన్నో వృత్తులకు వెటాసెస్. అశ్వారావుపేటలో వ్యవసాయ బి.ఎస్సీ. చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న వ్యక్తిని కంప్యూటర్ సొసైటీ నేరుగా తోసిపుచ్చదు. చదువు కంప్యూటర్లది కాదు కాబట్టి ఎక్కువ ఏళ్ల అనుభవం అడుగుతుంది. తాను చేసిన రెండు ప్రాజెక్టుల గురించి వివరమైన నివేదికలు రాయమంటుంది. అనుభవంలో కొన్ని ఏళ్లను అర్హత సంపాదించడానికే ఖర్చయినట్టు తీసివేసి, మిగిలిన ఏళ్లనే నైపుణ్య అనుభవంగా గుర్తిస్తుంది. పదేళ్లు పనిచేశానని లెక్క వేసుకున్నవారికి చివరికి నాలుగైదేళ్లకే పాయింట్లు రావచ్చు. అదే మనిషి తన డిగ్రీకి సరిపోయే వ్యవసాయ సలహాదారు వృత్తి వైపు వెళదామంటే, ఆ రంగంలో పని అనుభవం లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు ఉంటుంది. ఇలాంటి సందర్భంలో చదివిన వృత్తి కంటే చేస్తున్న వృత్తితోనే ముందుకు వెళ్లడం మేలని మా అభిప్రాయం. నిరూపించడానికి చేతిలో ఆధారాలు ఉన్నది దానికే కదా.

6. బ్రిటన్, జర్మనీ గురించి క్లుప్తంగా

బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలో అసలు ప్రశ్న ఉద్యోగానిది. 2025 జులై 22 నుంచి సాధారణంగా ఆ ఉద్యోగం డిగ్రీ స్థాయిది కావాలి, జీతం మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లకు తగ్గకూడదు. ఇక్కడ "డిగ్రీ స్థాయి" అన్నది ఉద్యోగానికి చెప్పిన మాట. దరఖాస్తుదారు ఆ సబ్జెక్టులో డిగ్రీ చేసి ఉండాలని కాదు. లైసెన్సు పొందిన యజమాని స్పాన్సర్‌షిప్ ఇవ్వాలి, ఆయన వేసిన వృత్తి కోడ్ నిజమైన పనికి సరిపోవాలి. ఇంగ్లీషు మాధ్యమంలో డిగ్రీ చేసినవారు దాన్నే భాషా ఆధారంగా చూపే వీలుంది. తెలుగు మాధ్యమం వారికి ఆ వీలు లేదు, పరీక్ష రాయాల్సిందే. 2026 జనవరి 8 నుంచి కొత్తగా దరఖాస్తు చేసేవారికి కావలసిన స్థాయిని బి2కి పెంచారు.

జర్మనీలో 2023 నవంబరు 18 నుంచి పెద్ద మార్పు వచ్చింది. అంతకు ముందు మీ అర్హతకు తగిన ఉద్యోగంలోనే చేరాలి. ఇప్పుడు గుర్తింపు పొందిన డిగ్రీ లేదా వృత్తి శిక్షణ ఉంటే, లైసెన్సు అవసరం లేని ఏ నైపుణ్య ఉద్యోగంలోనైనా చేరవచ్చు. బ్లూ కార్డు అనే ప్రత్యేక అనుమతికి మాత్రం చదువుకు తగిన ఉద్యోగమే కావాలి. ఐటీ నిపుణులకు మినహాయింపు ఉంది: గత ఏడేళ్లలో మూడేళ్ల తగిన అనుభవం ఉంటే డిగ్రీ లేకపోయినా పరిశీలిస్తారు.

నర్సు, ఉపాధ్యాయుడు, ఫిజియోథెరపిస్టు వంటి లైసెన్సు వృత్తుల విషయం వేరు. అక్కడ ఆ చదువు లేకుండా ఆ పని చేయనివ్వరు. ఎన్నేళ్ల అనుభవమూ దాన్ని పూడ్చదు.

7. పొంతన లేదని అబద్ధంతో పొంతన కలపకండి

డిగ్రీకీ పనికీ తేడా ఉన్నవారినే నకిలీ అనుభవ పత్రాలు అమ్మేవారు ముందుగా వెతుక్కుంటారు. "మీ బి.కాం.కు సరిపోయేలా అయిదేళ్ల అకౌంటెంటు అనుభవం పెట్టిస్తాం" అంటారు. పైన చూసినట్టు కెనడాకు ఆ అబద్ధం అవసరమే లేదు. బయటపడితే మాత్రం తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అయిదేళ్లు కెనడాలో ప్రవేశానికి అనర్హులవుతారు. అమెరికాలో మోసంగా తేలితే నిషేధానికి కాలపరిమితి లేదు, మినహాయింపు దొరకడం చాలా కష్టం. అధికారులు ఫ్యాక్టరీకి ఫోను చేసి అడగవచ్చు, పీఎఫ్ వివరాలతో సరిపోల్చవచ్చు.

విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే రిక్రూటింగ్ ఏజెంటు భారత ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు ఉందో లేదో చూడవచ్చు. అభ్యర్థి నుంచి వసూలు చేయగల సేవా రుసుము గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్టీ. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది. శాశ్వత నివాస దరఖాస్తు నింపి పెట్టే కన్సల్టెంటు వేరు. కెనడా విషయంలో డబ్బు తీసుకుని ప్రాతినిధ్యం వహించాలంటే అక్కడి వలస కన్సల్టెంట్ల కళాశాల లైసెన్సు గానీ, అక్కడి న్యాయవాద సంఘాల సభ్యత్వం గానీ ఉండాలి. "డిగ్రీ సంబంధం లేదు కాబట్టి ఎక్కువ ఖర్చవుతుంది" అనేవారిని, ఏ నియమం కింద ఆ ఖర్చు వస్తుందో రాసి ఇవ్వమనండి.

8. అభ్యాసం

అ) మీరు గత నెలలో చేసిన పనులను రోజువారీగా ఒక పుస్తకంలో రాయండి. ఉద్యోగం పేరు ఎక్కడా వాడకండి. ఆ జాబితా ఆధారంగా మీ పనికి సరిపోయే కెనడా వృత్తి కోడ్ ఏదో వెతికి, దాని రెండో అంకె ఎంతో గుర్తించండి.

ఆ) అశ్వారావుపేట దగ్గరి పామాయిల్ నర్సరీలో ఒక మహిళ అయిదేళ్లుగా పనిచేస్తున్నారు. మొదటి రెండేళ్లు సంచుల్లో మట్టి నింపి మొక్కలు నాటారు. తరవాతి మూడేళ్లు ఇరవై మంది కూలీలను నడిపించారు, మొక్కల నాణ్యత చూసి రైతులకు ఇప్పించారు. ఆమె చదువు దూరవిద్యలో బి.ఎ. ఆమె అనుభవంలో ఏ భాగం నైపుణ్య పనిగా లెక్కకు రావచ్చు? అనుభవ పత్రంలో ఏ తేదీలను విడిగా చూపాలి? ఆమె కోసం ఆ ఉత్తరం ముసాయిదాను ఒక పుటలో రాయండి.

ఇ) రెండో ప్రశ్నలోని మహిళకు 36 ఏళ్లు అనుకోండి. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకంలో 35 ఏళ్లు దాటాక వయసు పాయింట్లు ఏడాదికి ఒకటి చొప్పున తగ్గుతాయి. మూడేళ్ల నైపుణ్య అనుభవానికి 11 పాయింట్లు వస్తాయి. డిగ్రీకి 21 వస్తాయనుకుని, 67 దాటాలంటే ఆమెకు ఇంగ్లీషులో ఏ స్థాయి కావాలో, అది ఒక్కటే సరిపోతుందో లేదో లెక్క వేయండి. 9వ స్థాయికి, అంతకు పైన విభాగానికి 6 పాయింట్లు వస్తాయి.